నేను మట్టం చేసిన బల్ల

మా జీడిపప్పు ఫ్యాక్టరీ పూల్ లీగ్ చరిత్రను రెండు పేజీల్లో రాసిమ్మని ఈమధ్య మేనేజరు గారు నన్ను అడిగారు. అద్దం బిగించి గోడకు వేలాడదీస్తారట. రాసిచ్చాను. ఏ ఏడు ఎవరు గెలిచారో, కప్పు ఇప్పుడు ఎవరి బీరువాలో ఉందో అన్నీ ఉన్నాయందులో. ఒక్క విపత్తు మాత్రం లేదు. ఉద్దానంలో పుట్టినవాణ్ని, తుఫానులంటే మాకు ఏటా దిగే చుట్టాలు. వాటిని తట్టుకోవడం మాకు తెలుసు. కానీ మా లీగ్ మీద విరుచుకుపడిన ఆ విపత్తు మెకానికల్ డిప్లొమా చదివి, చంకలో తాపీవాళ్ళ రసమట్టం పెట్టుకుని, నవ్వుకుంటూ నడిచొచ్చింది. దాని పేరు రమణ. అంటే నేనే. గోడకెక్కని ఆ భాగం మీకు చెబుతాను. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. పలాసలో అందరూ నవ్వేశారు, మిగిలింది మీరే.

అప్పటికి నాకు ఇరవై ఆరేళ్ళు. మాది కవిటి దగ్గర పల్లె. ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ సూపర్వైజరుగా చేరి మూడేళ్ళయింది. బెల్టు తెగినా, మోటారు కాలినా, ఫ్యాను అలిగినా నన్నే పిలిచేవారు. దాంతో లోకంలో ఏది వంకరగా ఉన్నా సరిచేయవలసిన బాధ్యత నాదేననే జబ్బు నాకు బాగా ముదిరిపోయింది. పెళ్ళికి వెళితే అక్షింతలు చేతిలో పట్టుకుని పందిరి రాటలు నిటారుగా ఉన్నాయో లేదో చూసేవాణ్ని.

పూల్ బల్ల మా దగ్గరికి రావడమే ఒక వింత. మా యజమానికి విశాఖపట్నంలో హెడ్డాఫీసు ఉంది. అక్కడ సముద్రం ఒడ్డున ఏదో రిసార్టు మూసేస్తుంటే ఆ బల్లను చూసి ఆయన ముచ్చటపడ్డారు. తీరా తెప్పించాక అది హెడ్డాఫీసు లిఫ్టులో పట్టలేదు, మెట్ల మలుపు తిరగలేదు. పప్పు డబ్బాలు దింపి ఖాళీగా తిరిగొస్తున్న మా లారీలోకి ఎక్కించి, "మనవాళ్ళు ఆడుకుంటారు" అని పలాస పంపించేశారు.

దింపిన రోజు ఫ్యాక్టరీ మొత్తం చుట్టూ మూగింది.

"ఇదేటి బావా, మంచమా?" అన్నాడు తవిటయ్య. గింజలు ఉడికించే బాయిలర్ అతని చేతిలో ఉంటుంది. నాకు చుట్టరికం ఏమీ లేదు గానీ, మా వైపు ఇంచుమించు ఒక ఈడు మగవాళ్ళంతా బావలే.

"మంచానికి కన్నాలుంటాయేటి బావా? ఇది ఆట బల్ల."

అతను చుట్టూ తిరిగి లెక్కపెట్టాడు. "ఆరు కన్నాలు. అయితే కేరమ్సుకి పెదనానన్నమాట!"

ఈ పెదనాన్నకు చోటు ఎక్కడ? ఒకప్పుడు గింజలు కడిగిన పాత షెడ్డు ఒకటి ఖాళీగా ఉంటే అందులో పెట్టారు. కడిగిన నీళ్ళు బయటికి పోవాలి కదా, అందుకని ఆ షెడ్డు గచ్చును వాలుగా పోశారు. వాలు ఎటుండాలో చెప్పింది వాస్తు చూసే ఆయన. ఈశాన్యం అన్నాడు. కాబట్టి నీళ్ళు, దుమ్ము, జేబులోంచి జారిన పెన్ను, అన్నీ చివరికి ఈశాన్యం మూలకే చేరేవి. పూల్ బంతులు మాత్రం ఊరుకుంటాయా? ఎవరు ఎటు కొట్టినా బంతి కాసేపు కొట్టినవాడి మాట వినేది. ఆ తర్వాత మెల్లగా తల తిప్పి, పొద్దు వాలాక పాక గుర్తొచ్చిన ఆవులా ఈశాన్యం కన్నం వైపు నడక సాగించేది.

ఫోనులో వీడియోలు చూసి ఆట నేర్చుకున్నాం. కర్రతో పొడిచేది తెల్ల బంతిని, అది తగిలి మిగతావి కన్నాల్లో పడాలి. ఒకరివి చారల బంతులు, ఒకరివి చారలు లేనివి. తనవన్నీ కన్నాల్లో వేశాక, ఏ కన్నమో ముందే చెప్పి ఆఖరి నల్ల బంతిని అందులో వేసినవాడు గెలిచినట్టు. చెప్పిన కన్నంలో కాక మరోదాంట్లో పడితే ఓడినట్టు. మూలల కన్నాలకు ఈశాన్యం, ఆగ్నేయం, నైరుతి, వాయవ్యం అని పేర్లు పెట్టుకున్నాం. బాయిలర్, గ్రేడింగ్, ప్యాకింగ్, ఆఫీసు అని నాలుగు జట్లు. భోజనాల వేళ అరగంట, షిఫ్టు అయ్యాక గంట. అలా మొదలైంది మా లీగ్.

మా లీగ్‌కు మహారాణి గ్రేడింగ్ సెక్షను దమయంతక్క. యాభై దాటిన మనిషి. ముప్ఫై ఏళ్ళుగా జీడిపప్పు ఏరుతోంది. కళ్ళు మూసుకుని గుప్పెట్లోకి తీసుకుని ఇది గుండు, ఇది బద్ద, ఇది పురుగు తిన్నది అని చెప్పేయగలదు. కర్ర పట్టిన మూడో రోజున ఆమెకు బల్ల గుట్టు తెలిసిపోయింది. ఇక కన్నం వైపు చూడడం మానేసింది. కన్నానికి జానెడు ఎగువన, ఏమీ లేని చోటికి, బంతిని చిన్నగా ఒక్క పోటు పొడిచి, అది ఇంకా దొర్లుతుండగానే కర్ర గోడకు ఆనించి వెళ్ళి కూర్చునేది.

"అక్కా, పడిందో లేదో చూడవా?" అని అడిగేవాణ్ని.

"పడక ఏటి సేత్తాది? దానికి మాత్రం ఏరే దారున్నాదేటి?"

పడేది.

మరి నేను? నేను డిప్లొమా వాణ్ని. కోణం కొలిచి, గీత ఊహించి, ఒంటికన్ను మూసి, తిన్నగా కొట్టేవాణ్ని. నా గీత తిన్నగా వెళ్ళేది, బంతి వెళ్ళేది కాదు. రెండేళ్ళలో ఒక్క ఆట గెలవలేదు.

"బల్ల వంకరక్కా," అన్నాను ఒకరోజు కర్ర విసిరికొట్టి.

"బల్ల వంకర కాదు రవణా," అంది దమయంతక్క టీ ఊదుకుంటూ, "నువ్వే మరీ తిన్నగున్నావు."

షెడ్డంతా నవ్వింది. ఆ నవ్వు నా గుండెలో ఇనుప రజనులా గుచ్చుకుంది. ఏనాటికైనా ఈ బల్లను దారికి తేవాలని ఆ రోజే గట్టిగా నిశ్చయించుకున్నాను. నిశ్చయం చాలా మంచి గుణమని బళ్ళో చెప్పారు. ఎవరి నిశ్చయమో అడగవలసింది.

మూడో ఏడు హెడ్డాఫీసు కొత్త భవనంలోకి మారింది. కింది అంతస్తులో పెద్ద హాలట. మా బల్లను వెనక్కి పంపమని కబురొచ్చింది. మేనేజరు దాలినాయుడు గారు యజమానితో ఫోనులో గంటసేపు మొత్తుకున్నారు. చివరికి ఆయన తీర్పు చెప్పారు. దాన్ని మేనేజరు గారు గింజల బస్తా మీదికెక్కి అందరికీ వినిపించారు.

"ఆపై ఆదివారం హెడ్డాఫీసోళ్ళు ఐదుగురు వత్తన్నారు. మనమూ ఐదుగురం. ఐదాటలు. మూడు గెలిసినోళ్ళదే బల్ల!"

"మన బల్ల మనూరు దాటదు బాబూ!" అని తవిటయ్య అరిచాడు. ఆడవాళ్ళు ఏరే పప్పు వదిలి చప్పట్లు కొట్టారు. ఆ రోజు నుంచి ఫ్యాక్టరీకి పూనకం వచ్చింది. అన్నం నిలబడి తిని, చెయ్యి తుడుచుకుంటూ బల్ల దగ్గరికి పరుగెత్తేవారు. జట్టులో దమయంతక్క, తవిటయ్య, ప్యాకింగు నుంచి పెద్దప్పన్న, చిన్నప్పన్న అనే అన్నదమ్ములు, ఐదోవారు మేనేజరు గారు. ఎవరికైనా జ్వరమొస్తే అన్నట్టు జాబితా అడుగున నా పేరు రాశారు.

"రవణా, నువ్వు ఏర్పాట్లు సూడు," అన్నారు మేనేజరు గారు. "కుర్చీలు, ఫ్యాను, టీ. ఆట జోలికి మాత్రం రాకు."

'ఏర్పాట్లు' అన్న మాటను నేను ఎంత లోతుగా ఆలోచించానో ఆయనకు తెలియదు. పట్నం నుంచి వచ్చేవాళ్ళు బంతి వంకరగా పోవడం చూసి నవ్వరా? పలాస పరువేం కావాలి? ఇంకో సంగతి. వంకర బల్ల మీదే ఇంత బాగా ఆడేవాళ్ళు, తిన్నని బల్ల మీద ఇంకెంత బాగా ఆడతారు! ఈ తర్కంలో లోపం మీకు వెంటనే కనిపించింది. నాకు ఆదివారం ఉదయం పదిన్నరకు కనిపించింది.

శనివారం మధ్యాహ్నం ఫ్యాక్టరీకి సెలవు. షెడ్డు లోపల గడియ పెట్టుకున్నాను. లారీ జాకీతో బల్లను ఒక్కో మూలా లేపి, బాయిలర్ దగ్గర పడున్న ఇనుప రేకులు కాళ్ళ కింద దూర్చాను. వాయవ్యం కాలుకీ ఆగ్నేయం కాలుకీ కొన్ని, ఈశాన్యం కాలుకు అన్నిటికంటే ఎక్కువ, ఒకదాని మీద ఒకటి. రేకులకు నూనె జిడ్డుంది. తుడవాలని అనుకున్నాను కూడా. అనుకున్నంత మాత్రాన తుడిచినట్టు కాదు గదా.

బల్ల మీద రసమట్టం పెడితే గాజులోని బుడగ సరిగ్గా మధ్యలో ఆగింది. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి.

అప్పుడే తలుపు దబదబ బాదాడు తవిటయ్య. "బావా, తలుపు తియ్. రేపటి కోసం ఒక్కాట ఆడుకుంటాను."

"ఇప్పుడు కాదు బావా, శుభ్రం చేస్తున్నాను. రేపు బల్లను చూసి నువ్వే నన్ను పైకెత్తుతావు."

ఆ జోస్యం ఫలించింది. ఎలా ఎత్తాడో చెబుతాను.

ఆదివారం యజమాని గారు ముందు వరసలో కూర్చున్నారు. కార్మికులంతా ఇంటిల్లిపాదితో వచ్చారు. హెడ్డాఫీసు కెప్టెన్ కిరణ్ నా ఈడువాడే. తోలుపెట్టెలోంచి రెండు ముక్కల కర్ర తీసి, మరబిగించి, బల్ల మధ్యలో ఒక బంతి పెట్టి చెయ్యి తీశాడు. బంతి కదల్లేదు.

"బల్ల చాలా బాగుందండీ. ఇక్కడ ఇంత మట్టంగా ఉంటుందని అనుకోలేదు," అన్నాడు.

"ఏదో మా శ్రద్ధండీ," అన్నాను మెలికలు తిరిగిపోతూ.

మొదటి ఆట చిన్నప్పన్నది. అతను కన్నానికి జానెడు పైకి కొట్టాడు. బంతి జానెడు పైకే వెళ్ళి, గట్టుకు తగిలి, అక్కడే నిలబడింది. అతను ఎదురుచూశాడు. మేమంతా ఎదురుచూశాం. బంతికి ఇంటికెళ్ళే ఉద్దేశమే లేదు. ఆట పోయింది.

రెండోది తవిటయ్యది. అతను కొట్టిన మూడు బంతులు మూడు చోట్ల ఆగిపోయాయి. వంగి ఒక బంతి దగ్గర చెవి పెట్టాడు.

"బావా, ఈటికేటైనాది? సచ్చిపోనాయా?"

"ఇంకాస్త గట్టిగా కొట్టు బావా."

గట్టిగా కొట్టాడు. తెల్ల బంతి బల్ల దాటి యజమాని గారి టీ గ్లాసులో తేలింది. రెండో ఆటా పోయింది.

దమయంతక్క లేచింది. బల్ల మీద అరచెయ్యి ఆనించి, బిడ్డకు జ్వరం చూసినట్టు కాసేపు అలాగే ఉంచింది. తర్వాత వంగి కాళ్ళ కిందికి చూసింది.

"రవణా, ఇటు రా. బల్లకేటి సేసినావు?"

"సరిచేశానక్కా."

"నిన్నెవులు సెయ్యమన్నారు?"

ఎవరూ చెయ్యమనలేదు. ఆ మాట నా నోటి నుంచి రాకముందే తవిటయ్య నా కాలరు పట్టుకుని పైకెత్తాడు. జోస్యం అన్నాను కదా. గింజల బస్తాలెత్తే చెయ్యి. నా చెప్పులు నేల మీదే ఉండిపోయాయి.

"ఆ రేకులు లాగీయండెహె! ఇప్పుడే లాగీయండి!" అని వెనక నుంచి అరుపులు.

"ఆట మధ్యలో బల్లను కదపకూడదండీ," అన్నాడు కిరణ్ మర్యాదగా. యజమాని గారు తలూపారు.

"దింపీ తవిటీ, ఆడ్ని సంపితే బల్ల వంగుతాదేటి?" అంది దమయంతక్క. కొంగు నడుముకు దోపుకుంది. "కొత్త లోడు గింజలొచ్చినాయి అనుకుందాం. ముందు నాలుగు కొరికి సూత్తాం, ఆనక ఏరతాం. సూత్తండండి."

మూడో ఆటలో ఆమె మొదటి నాలుగు పోట్లు బంతి వేయడానికి కొట్టలేదు. ఊరికే అటొకటి ఇటొకటి దొర్లించి, అవి ఎక్కడ ఆగుతున్నాయో చూసింది. అవతలివాడు ముసిముసిగా నవ్వాడు. ఐదో పోటుకు ఆమె రెండేళ్ళ తర్వాత మొదటిసారి కన్నం వైపు తల తిప్పి చూసింది. టక్. పడింది. ఆ తర్వాత ఒక్కటీ పోనివ్వలేదు. నల్ల బంతి పడేసరికి అవతలివాడి బంతులు ఇంకా నాలుగు బల్ల మీదే ఉన్నాయి.

నాలుగో ఆటకు పెద్దప్పన్న కర్ర అందుకుంటే ఆమె అతని చెవిలో, "మన బల్ల మరిసిపో. ఇది అత్తోరిల్లు. సూసుకుని నడు," అంది. చెమటలు కక్కుతూ, గంటకు దగ్గరగా ఆడి, అతనూ గెలిచాడు. రెండు, రెండు. షెడ్డు రేకులు ఎగిరిపోయేలా ఈలలు.

ఇక ఆఖరి ఆట. కిరణ్ మీద మేనేజరు గారు. ఆయన లేచి, కర్రను నా చేతికిచ్చారు.

"నేనా సార్?"

"ఈ బల్ల మీద తిన్నగా కొట్టినోడే గెలుత్తాడు. తిన్నగా కొట్టడం తప్ప ఇంకేటీ రానోడు మన ఫ్యాక్టరీలో ఒక్కడే ఉన్నాడు. నువ్వు తెచ్చిన తంటా, నువ్వే తీర్సు."

పాఠకులారా, నా జీవితంలో ఆ ముప్పావు గంట లాంటిది మళ్ళీ రాలేదు. నేను కోణం కొలిచాను, బంతి ఆ కోణంలోనే వెళ్ళింది. నేను గీత ఊహించాను, బంతి ఆ గీత మీదే నడిచింది. రెండేళ్ళుగా నన్ను చూసి నవ్విన జనం నోరు తెరుచుకుని చూశారు. కిరణ్ నుదురు తుడుచుకున్నాడు. తవిటయ్య "మా బావ! మా బావ!" అని పక్కవాళ్ళకు నన్ను పరిచయం చేయడం మొదలుపెట్టాడు. నావన్నీ అయిపోయి నల్ల బంతి ఒక్కటే మిగిలింది. అది ఆగ్నేయం కన్నానికి మూరెడు దూరంలో, తెల్ల బంతికి తిన్నగా ఎదురుగా ఉంది. చంటిపిల్లాడైనా వేసేస్తాడు.

"ఆగ్నేయం!" అని ప్రకటించాను, పెళ్ళిలో మంగళసూత్రం ఎత్తి చూపించే పురోహితుడిలా.

"రవణా, మెల్లగా. బల్ల మీద పడిపోకు," అంది దమయంతక్క.

విన్నానా? ఫోను పట్టుకుని వీడియో తీస్తున్నవాళ్ళకు బాగా కనపడాలని ఈశాన్యం మూలను తొడతో అదిమి, పొట్ట మొత్తం బల్ల మీద పరిచి, కొట్టాను. దెబ్బ అద్భుతం. నల్ల బంతి తిన్నగా ఆగ్నేయం కన్నం అంచుకు చేరింది. సరిగ్గా అప్పుడే నా కింద 'సర్ర్' మంది. జిడ్డు రేకులు ఒకదాని మీద నుంచి ఒకటి జారి, చప్పుడు చేస్తూ గచ్చు మీదికి వెళ్ళిపోయాయి. బల్ల ఈశాన్యం మూల 'ధబ్' మని కిందికి దిగింది.

కన్నం అంచున నల్ల బంతి ఆగింది. ఒక్క క్షణం ఆలోచించింది. మెల్లగా తల తిప్పింది. తూర్పు గట్టు వెంబడి, పరాయి ఊళ్ళో తప్పిపోయి సొంతూరి బస్సు కనబడినవాడిలా పరుగందుకుని, ఈశాన్యం కన్నంలోకి 'టుబుక్' మని దూకింది.

రెండేళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది? బంతి ఈశాన్యంలో పడగానే ఫ్యాక్టరీ మొత్తం లేచి చప్పట్లు కొట్టింది. మేనేజరు గారూ కొట్టారు. నేనూ కొట్టాను. ఒక్క దమయంతక్క మాత్రం కళ్ళు మూసుకుంది.

చప్పట్లు ఆగాక కిరణ్ పాపం చాలా మొహమాటపడుతూ అన్నాడు: "మీరు ఆగ్నేయం అన్నారు కదండీ."

వారం తిరక్కుండా బల్ల విశాఖపట్నం వెళ్ళిపోయింది. దాన్ని లారీ ఎక్కించడానికి జాకీ పట్టింది నేనే, మరి మెయింటెనెన్స్ కదా. తవిటయ్య నెలరోజులు నన్ను బావా అనలేదు. "సూపర్వైజరు గారూ" అన్నాడు. అంతకంటే పెద్ద తిట్టు మా వైపు లేదు. భోజనాల వేళ ఖాళీ షెడ్డులో అందరూ గోడలకు ఆనుకుని, పెద్దకర్మ నాటి చుట్టాల్లా కూర్చునేవారు.

ఒకరోజు దమయంతక్క కేరియరు మూత దబ్బున పెట్టింది. "ఎన్నాళ్ళేడుత్తారు? బల్ల పోనాది గానీ సేతులు పోనాయేటి? మనమే సేసుకుందాం."

"చెక్కో?" అన్నారెవరో.

"నేనిస్తాను," అన్నాను. మా తోటలో తుఫానుకు ఒరిగిపోయిన పెద్ద పనస చెట్టు ఉంది. మా నాన్న దాన్ని గుమ్మాలకని దాచుకున్నారు. రెండు రోజులు బతిమాలి, మూడో రోజు నిరాహారదీక్ష బెదిరింపు పెట్టి, ఒప్పించి, ట్రాక్టరు మీద నేనే కూర్చుని పలాస తెచ్చాను. కాశీబుగ్గ నుంచి వడ్రంగి వచ్చాడు. తవిటయ్య కన్నాలకు ఇనుప కమ్మీలు వంచాడు, గ్రేడింగు ఆడవాళ్ళు ఆకుపచ్చ గుడ్డ బిగించారు. సంగతి తెలిసి కిరణ్ ఒక బంతుల పెట్టె తన తరఫున పంపాడు. మంచివాడు.

బల్ల షెడ్డులో నిలబెట్టాక వడ్రంగి తన సంచిలోంచి రసమట్టం తీశాడు. బల్ల మీద పెట్టి, బుడగ ఒక పక్కకు పోవడం చూసి, "కొంచెం వాలుందండి. మూడు కాళ్ళ కింద సెక్క ముక్కలు పెట్టీనా?" అన్నాడు.

"వద్దు!" అని నేను అరిచిన అరుపుకు బాయిలర్ దగ్గర తవిటయ్య విజిలు లాగేశాడు. వెళ్ళి బల్ల కాలును రెండు చేతులా కౌగిలించుకుని కూర్చున్నాను. వడ్రంగి దమయంతక్క వంక చూశాడు.

"ఆడు సెప్పింది ఇను నాయనా," అంది ఆమె. "ఆ మాట నేర్సుకోడానికి ఆడికి బల్ల కరుసైపోనాది."

ఆ సాయంత్రం తవిటయ్య టీ తెచ్చి నా పక్కన పెట్టి, "తాగు బావా," అన్నాడు.

మరుసటి ఏడు హెడ్డాఫీసు జట్టు మళ్ళీ వచ్చింది. ఐదాటలకు ఐదూ ఓడిపోయింది. బంతులు ఈశాన్యం వైపు బారులు తీరుతుంటే కిరణ్ తన రెండు ముక్కల కర్రను విప్పి చూసి, మళ్ళీ బిగించి, మళ్ళీ విప్పాడు. అప్పటినుంచి ఏటా వస్తూనే ఉన్నారు. లీగ్ ఇప్పుడు ఎనిమిది జట్లయింది. మందస, హరిశ్చంద్రపురం నుంచి కూడా ఆడడానికి వస్తున్నారు. నేను నేటికీ ఒక్క ఆట గెలవలేదు. లీగ్ నియమాల పుస్తకంలో మొట్టమొదటి నియమం కూడా నా గురించే: 'తన వంతు వచ్చినప్పుడు తప్ప రమణ బల్లకు నాలుగడుగుల దూరంలో నిలబడవలెను. నిలబడినప్పుడు చేతులు కట్టుకొనవలెను.'

కాబట్టి ఉద్దానం కొబ్బరి తోటల సాక్షిగా, నన్ను చూసి నవ్వుకున్న మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఎవరూ అడగనిదే ఇక ఈ జన్మలో దేన్నీ సరిచేయను. ఈ మాట ఊరికే అనడం లేదు. మా ఇంట్లో భోజనాల బల్ల ఒక కాలు పొట్టి. మూడేళ్ళుగా ఊగుతోంది. నిన్న కూడా చారు ఒలికి నా ఒళ్ళో పడింది. "డిప్లొమా చదివారు కదా, ఆ కాలు కింద ఏదైనా పెట్టొచ్చు కదా," అంది మా ఆవిడ.

"ఇది అడగడమా, ఊరికే అనడమా?" అన్నాను.

"అడగడమే."

"అయితే రాసి సంతకం పెట్టివ్వు," అన్నాను చారు తుడుచుకుంటూ.